లేపు అన్న మాట

సూరత్,
24 సెప్టెంబర్ 2025.

చిరంజీవి ఓంకార్‌కు,

రమణ సార్ ఆశీస్సులు.

ఉత్తరం అన్నాక ముందు ఇక్కడ మేమంతా క్షేమమని రాసి, ఆ తర్వాత అవతలివాళ్ల క్షేమం అడగాలని మా నాన్నగారు నేర్పారు. మేము క్షేమంగా లేము. నువ్వూ లేవని మీ అమ్మగారు చెప్పారు. కాబట్టి ఆ మర్యాద ఈసారికి ఇద్దరం మానేద్దాం.

ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. వాట్సాప్‌లో నా ముఖం కూడా నీకు కనబడకుండా చేసుకున్నట్టున్నావు. మొన్న ఆదివారం అడాజన్‌లో మీ టిఫిన్ సెంటర్‌కు వెళ్లాను. ఆకలి లేకపోయినా ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుని, మీ అమ్మ సంధ్యగారి నోటి నుంచి జగిత్యాల చిరునామా రాబట్టాను. మేనత్తగారింట్లో ఉంటున్నావట. బావ మెడికల్ షాపులో కూర్చుంటున్నావట. "తింటుండో లేదో వాళ్లత్త సక్కగ చెప్తలేదు సార్. ఫోనిస్తె హా, హూ అంటడు. మీరు రాస్తెనన్న సదువుతడేమో" అని ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, అంతలోనే ఎవరో దోశె అడిగితే పెనం దగ్గరికి వెళ్లిపోయింది.

నీ రాజీనామా అందింది. ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. నీ తెలుగు సంగతి నాకు తెలుసు, సగం హిందీ, పావు గుజరాతీ, మిగిలింది మొహమాటం. అయినా నీ తెలుగులో నన్ను నాలుగు తిట్టి వెళ్లినా ఇంత బాధ ఉండేది కాదు. దాన్ని సొరుగులో పెట్టాను, పైకి పంపలేదు. దసరా సెలవులు అయ్యాక నీ స్థానంలో ఇంకొకరిని తీసుకోమని ఆఫీసువాళ్లు తొందర పెడుతున్నారు. ఈలోగా నువ్వు వస్తావా రావా అన్నది నాకు తేలాలి. ఈ ఉత్తరం అందుకే.

నువ్వు లేకపోతే మన వెన్నుపాము రోగుల అధ్యయనం పని ఆగిపోతుందని అబద్ధం చెప్పను. పని జరుగుతుంది. జరుగుతోంది కూడా. కానీ ఉధ్నా గల్లీల్లో ఏ ఇంటికి వెళ్లినా మంచం మీది మనిషి మొదట అడిగేది నీ గురించే. "ఓంకార్ సార్ ఏడి?" అంటారు. ఊరెళ్లాడంటాను. "ఎప్పుడొస్తడు?" అంటారు. నేను బీపీ మిషను పట్టీ వాళ్ల జబ్బకు చుడుతూ, వినబడనట్టు ఉండిపోతాను.

పరుశురాం మన అధ్యయనంలోకి వచ్చిన రోజు నీకు గుర్తుందా? ఖటోదరాలో మగ్గాల కార్ఖానా అటక మీది నుంచి బట్టల మూటతో సహా కింద పడ్డాడు. వెన్నుపాము రొమ్ము పైభాగం దగ్గర నలిగిపోయింది. చేతులు బాగా పనిచేస్తాయి, రొమ్ము కింద నుంచి ఏదీ అతని మాట వినదు. మూత్రానికి గొట్టం, మంచం పక్కన సంచి. నువ్వు ఎదురుగా స్టూలు మీద కూర్చుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పావు. మేము కాళ్లు తెప్పించేవాళ్లం కాము, వెన్నుపాము దెబ్బ తిన్న తర్వాత వచ్చే ఉపద్రవాలు, అంటే వీపు పుండ్లు, మూత్రంలో చీము, ఉన్నట్టుండి ఎగబాకే రక్తపోటు, వీటిని ఇంట్లోవాళ్లే ముందుగా పసిగట్టడం ఎలాగో చూసేవాళ్లం అని.

అంతా విని అతను, "అంటె మీరు నన్ను నడిపియ్యరు. సావకుంట జూస్తరు. గదేనా?" అన్నాడు. నువ్వు తల వంచుకున్నావు. "మంచిదే తియ్యి తమ్మీ, గది గూడ చేసెటోడు లేడు మాకు" అని చివరికి అతనే నిన్ను ఓదార్చాడు.

ఆ మాట నాకు ఈమధ్య పదే పదే గుర్తొస్తోంది. సావకుంట జూస్తరు.

ఆ రోజే కదా నువ్వు అతని భార్య వినోదను ఆంటీ అన్నది! మీ ఇద్దరికీ వయసులో పెద్ద తేడా కూడా లేదు. ఆమె చాయ్ గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "అక్కా అను. లేకపోతె ఈ ఇంట్ల నీకు చాయ్ పుట్టది" అని పరుశురాం మంచం మీది నుంచే హెచ్చరించాడు. ఆ తర్వాత నువ్వు వినోదక్కా అనకుండా ఆ ఇంట్లో నోరు తెరిచింది లేదు. నాకేమో చిన్నాపెద్దా తేడా లేకుండా ఆడవాళ్లందరినీ అమ్మా అనడం అలవాటు. అందుకే నాకు ఎప్పుడూ నీ తర్వాతే చాయ్ వచ్చేది, అదీ చల్లారి.

రక్తపోటు సంగతి అతనికి చెప్పడానికి నువ్వు పడిన పాట్లు కూడా గుర్తొస్తున్నాయి. కింది భాగంలో ఏ బాధ కలిగినా పైకి కబురు రాదని, గొట్టం మడతపడి మూత్రం ఆగిపోయినా నొప్పి తెలియదని, ఆ తెలియని నొప్పికే ఒళ్లు బెంబేలెత్తి రక్తపోటు పెరిగి తల పగిలిపోతుందని, ముఖానికి మాత్రం చెమటలు పడతాయని ఎన్ని విధాలుగానో చెప్పావు. చివరికి అతనే అందుకుని, "దారం తెగితె మగ్గం ఆగాలె. నా మగ్గం ఆగదు, ఉత్తగనే కొట్టుకుంటది. గంతే గదా?" అన్నాడు. నువ్వు ఆ మాట పట్టుకుని పరుగెత్తుకుంటూ నా గదికి వచ్చావు. అంత సంతోషం నీ ముఖంలో మళ్లీ చూడలేదు.

అలాంటప్పుడు ముందుగా చేయాల్సింది ఒకటే. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, కాళ్లు మంచం కిందికి వేలాడేయాలి. రక్తం కిందికి దిగి పోటు కాస్త తగ్గుతుంది. ఆ తర్వాత గొట్టం చూడాలి. ఇది ఇళ్లలో అంటించే అట్ట మీద రాసింది నేనే. 'రోగిని తక్షణమే నిటారు స్థితిలో ఉంచవలెను' అని రాశాను. పరుశురాం తల్లి లింగవ్వ నీతో చదివించుకుని విని, "నిటారు అంటె ఏం మందు బిడ్డా? ఏ దుకాన్ల దొరుకుతది?" అని అడిగింది. నువ్వు నవ్వు ఆపుకోలేక గల్లీలోకి పారిపోయావు. నేనూ నవ్వాను. నవ్వాం గాని ఆ అట్ట మార్చలేదు. నోటితో విడమరిచి చెబుతున్నాం కదా, చాలనుకున్నాం.

ఇక జూన్ నెలలో ఆ మధ్యాహ్నం. నువ్వు నాకు చెప్పింది, తర్వాత వినోద, లింగవ్వ చెప్పింది కలిపి రాస్తున్నాను. నీకు తెలియని సగం ఇందులో ఉంది, అందుకని చదువు.

పరుశురాంకు రెండు రోజులుగా జ్వరం. ఆ పూట ముఖమంతా చెమటలు పట్టాయి. జూన్‌లో సూరత్‌లో చెమట పట్టనిది ఎవరికి? పైగా చెమట పడితే జ్వరం దిగుతున్నట్టే అని మనందరి ఇళ్లలో అనుకునేదే. మా అమ్మ కూడా అలాగే అనేది. లింగవ్వ సంతోషంగా, "చెమట వట్టింది, జరం ఇడుస్తున్నది. గాలి తాకనియ్యద్దు" అని కొడుకు మెడ దాకా దుప్పటి కప్పింది. ఆ దుప్పటి కింద గొట్టం మడతపడి ఉంది. కాసేపటికి అతను తల పగిలిపోతోందని కేకలు పెట్టాడు. వినోద మన నంబరుకు ఫోన్ చేసింది. నువ్వు ఎత్తావు.

నువ్వు విషయం వెంటనే పట్టేశావు. అది మరిచిపోకు. చెమట, తలనొప్పి అన్న రెండు మాటలకే ఇది ఏమిటో నీకు తెలిసిపోయింది. "అక్కా, ముందు లేపండి, వెంటనే లేపండి" అన్నావు. ఆమె "లేసే ఉన్నడు తమ్మీ" అంది. హమ్మయ్య, కూర్చునే ఉన్నాడు అనుకున్నావు. గొట్టం చూడమన్నావు, అంబులెన్స్ పంపిస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసి దాని వెంట పడ్డావు.

ఆమె చెప్పింది అతను మేలుకునే ఉన్నాడని. కేకలు పెడుతున్న మనిషిని నిద్ర లేపమంటాడేమిటి, ఫోన్‌లో మనిషి గాబరా పడుతున్నాడు పాపం అనుకుంది. దుప్పటి ఎత్తి గొట్టం వెతుకుతూనే ఉంది. ఎత్తిన దుప్పటిని అత్త మళ్లీ కప్పుతూనే ఉంది. అంబులెన్స్ గల్లీలోకి రాలేక రోడ్డు మీదే ఆగింది. స్ట్రెచర్ పట్టుకుని మనుషులు లోపలికి వచ్చేసరికి పరుశురాం వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మాట పడిపోయింది. తలలో నరం చిట్లింది. ఆ తర్వాత ఆస్పత్రిలో జరిగింది నువ్వూ చూశావు. ఐసీయూ బయట గోడకు ఆనుకుని నిలబడ్డావు గాని వినోద దగ్గరికి వెళ్లలేకపోయావు. చితి దగ్గరికీ రాలేదు.

లేపు అంటే మనకు రెండూ. నిద్ర నుంచి లేపడమూ లేపడమే, పడుకున్నవాణ్ణి పైకి లేపడమూ లేపడమే. పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాట, నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ ఫోన్ నేను ఎత్తి ఉన్నా నా నోట అదే మాట వచ్చేది.

నువ్వు వెళ్లిపోయాక నేను తెలుగువాళ్ల ఇళ్లన్నీ ఒక్కణ్ణే తిరిగాను. మంచం పక్కన కూర్చుని, "మీ ఆయన్ని లేపమని నేను ఫోన్‌లో చెబితే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను. ఒకావిడ భర్త భుజం తట్టింది. ఒకావిడ ముఖం మీద నీళ్లు చల్లింది. స్టేషన్ వెనక ఉండే వజ్రమ్మ మాత్రం, "లేపి ఏం జెయ్యాలె సార్? కూసోవెట్టాల్నా, మంచినీళ్లియ్యాల్నా?" అని తిరిగి అడిగింది. బయటికి వచ్చి ఆటో ఎక్కాక నాకు దుఃఖం ఆగలేదు. ఆటోవాడు అద్దంలో చూసి, పాపం, పాట ఆపేశాడు.

కాబట్టి అట్టలు తీసేస్తున్నాం. వాటి బదులు ఫోన్‌లో వినే చిన్న మాట పంపుతాం, వాళ్ల భాషలో, వాళ్ల మనిషి గొంతుతో. "కూసోవెట్టుండ్రి, కాళ్లు కిందికి ఇడువుండ్రి, దుప్పటి తియ్యుండ్రి, గొట్టం జూడుండ్రి." అంతే. ఆ గొంతు వినోదది అయితే బాగుంటుందని నాకు అనిపించింది. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. పోయిన వారం వెళ్లి అడిగాను. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. ఫోన్ ముందు పెడితే "కూసో" దాకా అని ఆగిపోయింది. ముఖం అటు తిప్పుకుంది. నేను ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆమె ఇప్పుడు చీరలకు రాళ్లు అంటించే పని ఇంటికి తెచ్చుకుంటోంది. పరుశురాం మంచం ఇంకా అక్కడే ఉంది, దాని మీద చీరలు పరుచుకుంటోంది. లింగవ్వ గడప దగ్గర కూర్చుని ఎవరు వచ్చినా ఒకటే చెబుతుంది, దుప్పటి కప్పింది నేనేనని. వినోద అంటుంది, ఫోన్‌లో లేపమంటే లేపలేదని. నువ్వు అక్కడ మందుల షాపులో కూర్చుని అనుకుంటూ ఉంటావు, సరిగా చెప్పలేకపోయానని. నిటారు అని రాసిన పండితుణ్ణి నేనున్నాను. ఒక్క చావుకు ఇంతమంది దోషులం. ఆ మడతపడ్డ గొట్టం ఒక్కటే నిర్దోషి.

పరుశురాం ఉంటే ఈ మాటకు నవ్వేవాడు. అతను లేడు, ఓంకార్. అతన్ని చావకుండా చూస్తామని చెప్పి, చూడలేకపోయాం. నాకు రాత్రీపగలూ ఇదే బాధ. దీనికి మందు నా దగ్గర లేదు. నీకు పంపడానికీ లేదు.

ఒక్కటి మాత్రం నీకోసం చేశాను. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది నేనేనని వినోదకు చెప్పాను. గాబరాలో, ఏడుపులో గొంతు ఎవరిదో ఎవరికి గుర్తుంటుంది? ఆమె రాళ్లు అంటిస్తూ తల ఊపింది. నమ్మింది. నన్ను ఆమె తిట్టుకున్నా ఫరవాలేదు, నాకు వయసు అయిపోయింది, నువ్వు ఇంకా చాలా ఇళ్లకు వెళ్లాలి. కాబట్టి ఆమె ఎదుట పడాలంటే నీకు జంకు అక్కర్లేదు. ఆమెకు ఏమీ తెలియదు. వచ్చేయ్.

మీ అత్తగారికి నా నమస్కారాలు. అన్నం తిను.

ఇట్లు,
నీ మీద కోపం, ప్రేమ సమానంగా ఉన్న
రమణ

తా.క.: అక్టోబర్ 1. ఈ ఉత్తరం ఇన్నాళ్లూ నా సంచిలోనే ఉంది. పోస్టు చేయబోయి ప్రతిసారీ ఎందుకో ఆగాను. ఇప్పుడు ఆ చివరి ముక్క కొట్టేయాలి, కానీ కొట్టేయకుండా ఇది కలిపి పంపుతున్నాను.

నిన్న సద్దుల బతుకమ్మ. గల్లీలో ఆడవాళ్లంతా పూలు ఎత్తుకుని వెళ్లిపోయారు. వినోద ఒక్కతే తలుపు దగ్గరకు వేసుకుని చీర మీద రాళ్లు అంటిస్తోంది. నేను వెళ్లి కూర్చున్నాను. ఈసారి చాయ్ వేడిగా ఇచ్చింది. అంటించే వరస పూర్తి చేసింది. తర్వాత తల ఎత్తకుండానే అంది, "సార్, మీరు నన్ను అమ్మా అంటరు. ఆ పొద్దు ఫోన్ల అక్కా అన్నరు."

చేతిలో చాయ్ కింద పెట్టాను.

"నాకు ఆ పొద్దుసందే ఎరుక. ఓంకార్ గొంతు నాకు తెల్వదా? మా ఆయన పోయినప్పుడు రాలే, పదొద్దుల దినానికి రాలే, ఫోన్ బంద్ ఉన్నది. మీరొచ్చి నేనే మాట్లాడిన అని దాస్తున్నరు. ఆ తమ్ముడు గూడ ఏమన్న జేసుకున్నడా సార్? గందుకేనా దాస్తున్నరు?" అని అడిగింది. అప్పుడు తల ఎత్తింది. ఆ కళ్లలో భయం చూశాను, ఓంకార్. ఇన్ని నెలలుగా ఆమె నీకోసం కూడా ఏడుస్తోంది.

బతికే ఉన్నావని చెప్పాను. జగిత్యాలలో ఉన్నావని చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తెలివితక్కువగా, వాణ్ణి క్షమించావని రాయనా అమ్మా అన్నాను. "రాయకుండ్రి" అంది. "అది ఇంకా నాతోని కాలే. అబద్ధం రాయకుండ్రి. కాని రమ్మనుండ్రి. ఆ మాట ఎట్ల అనాల్నో ఎదురుంగ కూసోవెట్టి నేర్పిస్త. ఆ తమ్ముడు పక్కన ఉంటెనే మీ ఫోన్ల చెప్త. లేకపోతె చెప్ప."

లేచి వస్తుంటే గడప దాకా వచ్చింది. గల్లీ చివర ఆడవాళ్ల పాట వినబడుతోంది. చేతికి అంటుకున్న జిగురు గోటితో గీరుకుంటూ అంది, "పండుకున్నది సాలు సార్. మా తమ్మున్ని లేపుండ్రి."